పై వాటాలో టీ

ఎవరు ఎవరింట్లో టీ తాగుతున్నారో కాపలా కాసేంత తీరిక నాకు లేదు. పొద్దున్నే లాండ్రీ షాపుకి పోవాలి, ఇస్త్రీ బల్ల ముందు నడుం పడిపోయేదాకా నిలబడాలి, ఇంటికొచ్చి మంచంలో ఉన్న మనిషిని చూసుకోవాలి. అయినా కాపలా కాశాను. కళ్లు నావి, కిటికీ నాది, ఆ కిటికీకి ఎదురుగానే పైకి వెళ్లే మెట్లు. చూడకుండా ఎలా ఉంటాను?

మాది ఒకే ఇల్లు, రెండు వాటాలు. కింద మేము. పైన మా మరిది, అతని భార్య, ఇంకా మాటలు రాని వాళ్ల పాప. అద్దె ఎవరిది వాళ్లం కట్టుకుంటాం, పొయ్యిలు వేరు, తగువులు వేరు. వీధి తలుపు మాత్రం ఒకటే, దాని మీద నంబరూ ఒకటే. ఈ కథంతా ఆ నంబరు దగ్గరే వచ్చింది.

మా తోడికోడలికి నేను పెట్టుకున్న పేరు వెన్నపూస. పైకి అనను, లోలోపలే. గొంతు పెంచదు, ఎదురు చెప్పదు, ఏమన్నా తల వంచుకుని ఒక నవ్వు నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. నాలుగు మాటలు అనేసి మర్చిపోయేదాన్ని నేను. అందరి దృష్టిలో గయ్యాళిని నేనే అవుతాను, ఆమె బంగారం అవుతుంది.

మా ఆయన గోడలకి రంగులు వేసే పని చేస్తాడు. నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు ఆస్పత్రిలో డాక్టర్ల వెంటపడింది నేను, నర్సులతో పోట్లాడింది నేను, రాత్రంతా ఆ ఇనుప కుర్చీలో కూర్చుని మెడ పట్టేయించుకున్నది నేను. వెన్నపూస రోజుకొకసారి క్యారేజీ తెచ్చి, మంచం పక్కన చప్పుడు చేయకుండా పెట్టి వెళ్లేది. ఇంటికి వచ్చాక ఈ మనిషి ఏమన్నాడో తెలుసా? మరదలి చేతి వంట తిని బతికానన్నాడు. ఇన్నేళ్లుగా నా చేతి వంట తిని ఏం చేశాడో మరి.

ఆ తర్వాత కొద్దిరోజులకే మరిది పనిచేసే అట్టపెట్టెల ఫ్యాక్టరీ మూతపడింది. అతను రోజూ క్షవరం చేసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని పని వెతుక్కుంటూ బయల్దేరేవాడు. సాయంత్రానికి అదే చొక్కా నలిగి తిరిగొచ్చేది. కింద మా ఆయన మంచం దిగలేడు, పైన మా మరిది కుదురుగా కూర్చోలేడు. రెండు వాటాల్లోనూ ఒకేసారి రోజు గడవడం కష్టమైపోయింది.

పాత పోస్టాఫీసు మేడమీద ఒక సాయం ఆఫీసు ఉంది. కష్టంలో ఉన్న కుటుంబాలను ఇల్లు చూసి, విచారించి, కొన్నాళ్లు ఆదుకుంటారు. నేను వెళ్లేసరికి అక్కడ బెంచీ మీద వెన్నపూస పాపనెత్తుకుని కూర్చుని ఉంది. ఆమె నాకు చెప్పలేదు, నేనూ ఆమెకు చెప్పలేదు. పక్కనే కూర్చున్నాను, ఇంకెక్కడ కూర్చోను? ఎదురుగా గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది, ఒక తలుపు నంబరుకి ఒక్క సాయమేనని. నేను దాన్ని కాస్త గట్టిగానే చదివాను, ఆమెకు వినపడాలని. ఆమె పాపను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది, అంతే.

విచారణకి వచ్చినావిడ నడివయసు మనిషి. భుజానికి ఎప్పుడూ ఒక పెద్ద గుడ్డసంచి. ఆవిడ పేరేదో చెప్పింది గానీ మా వీధిలో అందరికీ సంచి మేడమ్ అయిపోయింది. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు నేను ఎదురింటావిడ దగ్గర పాలు బదులు తెచ్చి టీ పెట్టాను. అంచు విరగని కప్పు ఒక్కటే ఉంది, దాన్లో పోసి ఇచ్చాను. ఆవిడ కప్పువైపు చూసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వద్దమ్మా, మేము తాగకూడదు, నియమం అంది. ఎంత మర్యాదగా అన్నా వద్దన్నది వద్దన్నదే. ఆవిడ వెళ్లిపోయాక మీగడ కట్టిన ఆ టీ నేనే తాగాను. పాలు బదులు తెచ్చుకున్నది పారబోస్తామా?

కొన్నాళ్లకి మళ్లీ వచ్చి, మీకు మంజూరైందమ్మా అంది. మా ఆయన్ని నడిపించే ఫిజియోథెరపీ, దాంతోపాటు అద్దెలో కొంత. ఆ వైద్యం లేకపోతే ఆయన మళ్లీ నిచ్చెనెక్కే సంగతి అటుంచి, గుమ్మం కూడా దాటలేడని డాక్టరు ముందే చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది, ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఆ సంతోషం ఎంతసేపు నిలిచిందంటారా? ఆవిడ నా గుమ్మం దాటి, వీధిలోకి పోకుండా, నేరుగా మెట్లెక్కేదాకా.

ఎక్కింది, పైన చాలాసేపు ఉంది. నేను కిటికీ దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాను, తీసినవే మళ్లీ తీశాను. ఒక తలుపుకి ఒక్క సాయం అని గోడ మీద రాసుకున్నవాళ్లు పైకెందుకు పోతారు? నాకు వచ్చిందంటే ఆమెకి రాకూడదు. అయినా పోయిందంటే ఏదో ఉందన్నమాట. ఆ వెన్న మొహం చూసి ఆవిడా కరిగిపోయి ఉంటుంది, నియమం పక్కన పెట్టి ఉంటుంది అనుకున్నాను. అప్పటినుంచి నాకు మనశ్శాంతి లేదు.

ఆ తర్వాత ప్రతి పదిహేను రోజులకీ అదే తంతు. ముందు మా వాటాలోకి వచ్చి మా ఆయన్ని నాలుగడుగులు వేయించి చూసేది, నన్ను రెండు ప్రశ్నలు అడిగేది, గడపలోనే చెప్పులు తొడుక్కునేది. తర్వాత పైకి. పైకెళ్లేటప్పుడు సంచి నిండుగా ఉండేది, దిగేటప్పుడు ఖాళీగా వేలాడేది. ఒక్కోసారి అటూ ఇటూ కూడా నిండుగానే. నిండుగా ఎక్కితే ఇస్తోందని, నిండుగా దిగితే పుచ్చుకుంటోందని నేను లెక్క తేల్చుకున్నాను. మధ్యలో పైనించి కుట్టుమిషను చప్పుడు మొదలైంది. వెన్నపూసని అడిగితే, తెలిసినవాళ్లు ఇప్పించారక్కా అని నవ్వింది. ఆ తెలిసినవాళ్లెవరో నాకు తెలియదా? నేను పొద్దస్తమానం ఇస్త్రీపెట్టె మోస్తాను, నాకొక ఇస్త్రీపెట్టె ఇప్పించాలని ఎవరికీ తోచలేదు.

ఇంకో సంగతి. సంచి మేడమ్ బట్టలు రోజురోజుకీ ఆవిడకి బాగా అమరడం మొదలుపెట్టాయి. మొదట్లో భుజాలు జారిపోతూ, చేతులు మరీ పొడుగ్గా ఉండేవి. ఇప్పుడు కొలతపెట్టి కుట్టినట్టున్నాయి. రోజుకి వంద చొక్కాలు చేతిమీదుగా పోయేదాన్ని, కుట్టు చూస్తే కుట్టినవాళ్లని చెప్పగలనని షాపులో గొప్పలు కొట్టేదాన్ని. అంతటి నేను ఏమనుకున్నానో తెలుసా? మా పేరు చెప్పి వచ్చే డబ్బు తిని ఈవిడ ఒళ్లు చేసింది, అందుకే బట్టలు నప్పుతున్నాయి అనుకున్నాను.

మా ఆయనతో అంటే విసుక్కున్నాడు. మనది మనకి వస్తోంది కదా, వాళ్లది వాళ్లకి వస్తే నీకేం పోయిందన్నాడు. పైగా నోరు అదుపులో పెట్టుకోమన్నాడు. ఒకే తలుపుకి రెండు సాయాలని ఆఫీసులో తెలిస్తే ఒకటి ఆపేస్తారు, ఆపేది మనదే అయితే నేను ఈ మంచంలోనే ఉండిపోతానన్నాడు. ఆయన అప్పటికి కర్ర పట్టుకుని పెరటి తలుపుదాకా వెళ్లగలుగుతున్నాడు. ఆ మాటకి నేను భయపడ్డాను. నిజంగానే భయపడి, చాలా రోజులు నోరు కుట్టేసుకున్నాను.

నోరు మూసుకోగలను గానీ కళ్లు మూసుకోలేను కదా. ఒకనాడు షాపు నుంచి తొందరగా వచ్చాను. డాబా మీద ఆరేసిన బట్టలు తెచ్చుకుందామని మెట్లెక్కుతుంటే పై వాటా తలుపు ఓరగా తీసి ఉంది. లోపల సంచి మేడమ్ చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒళ్లో పాప. చేతిలో గ్లాసు. టీ ఊదుకుని తాగుతోంది. గుక్కకీ గుక్కకీ మధ్య నవ్వుతోంది. అడుగున మిగిలింది కూడా వంచుకుని తాగి, ఇంకాస్త ఉందా అని అడిగింది.

ఇంకాస్త ఉందా! నా ఇంట్లో కప్పు ముట్టుకోని మనిషి.

బట్టల సంగతి మర్చిపోయి దిగిపోయాను. సాయం ఎక్కువిచ్చినా ఓర్చుకునేదాన్నేమో, మిషను ఇచ్చినా ఓర్చుకునేదాన్నేమో. ఆ రెండో గ్లాసు మాత్రం నా వల్ల కాలేదు. నేను అడుక్కుతెచ్చిన పాలు అంటరానివా? నా చేతులు మురికివా? ఆ రాత్రి ఎలాగో గడిపాను. పొద్దున్న షాపుకి సెలవు చెప్పి, మా ఆయనతో ఒక్క ముక్క అనకుండా పాత పోస్టాఫీసు మేడ ఎక్కాను.

అక్కడి పెద్దాఫీసరు కళ్లజోడు తుడుచుకుంటూ అంతా విన్నాడు. ఆవిడ పై వాటాకి సంచులు మోస్తోంది, అక్కడ కూర్చుని టీలు తాగుతోంది, ఒక తలుపుకి రెండు సాయాలు నడుపుతోంది, నియమాలన్నీ కింద వాటాకేనా అని అడిగాను. ఇవి చాలా పెద్ద మాటలమ్మా, మీరు ఖాయంగానే అంటున్నారా అని ఆయన రెండుసార్లు అడిగాడు. నేను రెండుసార్లూ అవునన్నాను. మా సాయం పోతే పోనీ అనిపించింది ఆ క్షణాన. ఆమెది కూడా పోతుందిగా అన్న ధైర్యం.

ఆయన సంచి మేడమ్‌ని పిలిపించాడు. ఆవిడ వచ్చి నన్ను చూసి తలాడించింది, ఎప్పటిలాగే. నేను ముఖం తిప్పుకున్నాను. నేను అన్నవన్నీ ఆయన ఒక్కొక్కటే అడిగాడు.

టీ తాగానంది. సంచి తీసుకెళ్లానంది. కాదని ఒక్కదానికి కూడా అనలేదు. దొరికిపోయిందని నాకు లోపల పండగ్గా ఉంది.

"సంచిలో ఏమున్నాయి?" అన్నాడాయన.

"నా బట్టలు సర్. మా చెల్లెలివి, మా పక్కింటివాళ్లవి కూడా కొన్ని. పై వాటా ఆవిడ కుడతారు. అందరిలాగే కూలి ఇస్తున్నాను, ఎక్కువా తక్కువా లేదు."

నా లోపలి పండగ అక్కడే ఆగిపోయింది. ఆవిడ వేసుకున్న బట్టల మీదికి నా కళ్లు వాటంతటవే పోయాయి. మెడ చుట్టూ ఆ సన్న కుట్టు, చంక కింద ముడత లేకుండా తిప్పిన మలుపు. మా ఇంట్లో మా ఆయన చొక్కాలకి చిరుగులు కుట్టి ఇచ్చే చేయి అది. ఇన్నాళ్లూ నా ముందే తిరిగింది.

ఆఫీసరు నిట్టూర్చాడు. "మీకు తెలియనిదా? సాయం తీసుకునేవాళ్లతోనే కాదు, మన దగ్గరికి వచ్చి వద్దనుకుని వెళ్లిపోయినవాళ్లతో కూడా ఏడాదిదాకా సొంత వ్యవహారాలు పెట్టుకోకూడదు."

సంచి మేడమ్ గబుక్కున తలెత్తి ఆయన వైపు చూసింది. నోరు జారిందని ఆయనకీ అర్థమైనట్టుంది, మళ్లీ కళ్లజోడు తీశాడు. తుడవడానికి ఇంకేం మిగల్లేదు దాని మీద.

"వద్దనుకున్నదెవరు?" అన్నాను నేను.

ఆఫీసరు బల్ల మీది కాగితాలు సర్దాడు.

"పై వాటాకి సాయం రావడం లేదా?"

"ఒకరింటి సంగతి ఇంకొకరికి మేము చెప్పకూడదమ్మా," అంది సంచి మేడమ్. "మీ సంగతి ఎవరైనా వచ్చి అడిగినా ఇదే చెబుతాను."

చెప్పకపోతేనేం? నేను బుద్ధి తక్కువదాన్నే గానీ మరీ అంత తక్కువదాన్ని కాదు. ఒక తలుపుకి ఒక్క సాయం. ఒళ్లో పసిపిల్ల ఉన్న ఇల్లు, ఇంట్లో ఒక్కరికీ పని లేని ఇల్లు పైన. నాకు ఎలాగో ఇస్త్రీ పనైనా ఉంది. ఎవరిని ముందు ఎంచుకుని ఉంటారో గోడ మీద రాయక్కర్లేదు. పైన వద్దనుకున్నదే మెట్లు దిగి మాకు వచ్చింది. ఆవిడ నా ఇంటికి మంజూరైందని చెప్పడానికి వచ్చిన రోజున ఎంతసేపు పైన కూర్చుందో, ఎందుకు కూర్చుందో ఇప్పుడు తెలిసింది.

నేను అన్నవన్నీ వెనక్కి తీసుకుంటానన్నాను. మాట వెనక్కి తీసుకోవచ్చు గానీ జరిగింది జరగలేదని రాయలేనన్నాడు ఆఫీసరు. ఆవిడ మంచి మనసుతోనే చేసి ఉండొచ్చు, అయినా మంచి మనసుకి ఒక రూలు, చెడ్డ మనసుకి ఒక రూలు పెట్టలేమన్నాడు. ఆవిడని ఇంకో పేటకి మారుస్తారట. పై వాటాతో ఆ కుట్టుపని లావాదేవీ ఇవాళ్టితో ఆపేయాలట. మా సాయం మాటేమిటని నేను అడగలేదు, ఆయనే చెప్పాడు, మీది మీకు వస్తుందని. ఆ మాట నన్ను ఎంత చిన్నబుచ్చిందో చెప్పలేను.

మెట్ల దగ్గర సంచి మేడమ్ నా వెనకే వచ్చింది. తిడుతుందేమోనని ఆగాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"మీ ఇంట్లో టీ ఎందుకు తాగలేదో ఇప్పుడైనా తెలిసిందా అమ్మా?" అంది. "మీరు మా సాయం తీసుకుంటున్నారు. మీ చేతి టీ నేను తాగితే, అది మర్యాదకి ఇచ్చారో, భయానికి ఇచ్చారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ రోజు అంచు విరగని కప్పు ఏరి నాకిచ్చారు. అది కూడా చూశాను."

ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. నేను బస్సెక్కకుండా నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. దారంతా ఏడుపు రాలేదు, ఇంకా కోపమే వచ్చింది. ఆ కోపం కూడా వెన్నపూస మీదే. సాయం నాకు ఇచ్చేసింది సరే, చెప్పాలా వద్దా? చెప్పి ఉంటే నేను తీసుకునేదాన్నా? తీసుకునేదాన్ని, మా ఆయన కాలు అలా ఉంటే ఎందుకు తీసుకోను? కానీ తలెత్తుకోలేకపోయేదాన్ని. అంటే మంచితనంలో కూడా ఆమెదే పైచేయి అన్నమాట. ఉన్నదంతా ఆమెకే, చివరికి త్యాగం కూడా ఆమెకే. నాకేం మిగిల్చింది?

ఇంట్లోకి పోకుండా నేరుగా మెట్లెక్కాను. ఎన్ని నెలలైందో ఆమె గుమ్మం తొక్కి. మిషను దగ్గర కుట్టిన బట్టలు మడతపెట్టి, సంచిలో సర్ది మేకుకి తగిలించి ఉంది. పాప నిద్రపోతోంది. పొయ్యి మీద టీ మరుగుతోంది.

"అక్కా, రండి. ఇవాళ మేడమ్ వస్తానంది, ఇంకా రాలేదు," అంది వెన్నపూస.

రాదని చెప్పాను. ఎందుకు రాదో చెప్పాను. ఎవరి వల్ల రాదో కూడా చెప్పాను. సాగదీయకుండా, నిలబడే, ఒక్క గుక్కలో చెప్పేశాను. నాకు చేతనైంది అదొక్కటే.

ఆమె నవ్వుతుందనుకున్నాను. తల వంచుకుని, పోనీలే అక్కా అంటుందనుకున్నాను. అంటే అక్కడే చచ్చిపోయేదాన్నేమో. ఆమె పొయ్యి ఆర్పింది. నా వైపు తిరిగింది. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు.

"మీరు ఏమనుకుంటున్నారు? మీ కోసం వదులుకున్నాననా?" అంది. గొంతు మాత్రం పెరగలేదు. "మీకైతే ఇచ్చేదాన్నే కాదు. బావగారు మంచం మీంచి లేవాలని ఇచ్చాను. నన్ను ఈ ఇంట్లో మనిషిగా చూసింది ఆయనొక్కడే. మేడమ్‌తో మీకు చెప్పొద్దన్నది ఎందుకో తెలుసా? చెబితే మీరు వీధంతా వినేలా నన్ను మెచ్చుకుంటారు. ఆ మెప్పు కూడా మీ నోటి గొప్పే అవుతుంది."

ఆమె మిషను మీది గుడ్డముక్క తీసి పక్కన పడేసింది.

"అందరూ వదినా వదినా అని మీ చుట్టూనే తిరుగుతారు. ఈయనకి పని పోతే నాతో చెప్పలేదు, ముందు మీతో చెప్పాడు. ఆస్పత్రిలో మీరు అరిస్తే డాక్టర్లు పరిగెత్తుకొచ్చారు. నా పాపకి జ్వరమొస్తే నేను వరసలో కూర్చుని కూర్చుని తిరిగొచ్చాను. ఏదున్నా మీరు అనేస్తారు, అయిపోతుంది. నాకు నోట్లోంచి రాదు, లోపలే కుళ్లిపోతుంది. మీరు కింద గట్టిగా నవ్వినప్పుడల్లా నాకు ఎంత ఏడుపో మీకు తెలుసా అక్కా?"

అంత మాట అన్నాక ఆమే భయపడిపోయి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాప కదిలింది, మళ్లీ పడుకుంది.

నిజం చెప్పనా? ఆ మాటలకి నేను సిగ్గుపడాలి. ఆమె తిండి మీద నేను కొట్టిన దెబ్బ ఇంకా పచ్చిగా ఉంది. కానీ నాకు ఎక్కడో, చాలా లోపల, హాయిగా అనిపించింది. నా మీద కూడా ఒకరు కుళ్లుకుంటారా? నా నోరు, నా అరుపులు, నా నవ్వు, ఇవి కూడా ఎవరికైనా కావాలనిపిస్తాయా? ఇన్నాళ్లూ నేను కింద కిటికీ దగ్గర కూర్చుని పైకి చూస్తున్నాను. ఆమె పైన కూర్చుని కింద నవ్వు వింటోంది. మధ్యలో ఉన్నది ఆ కాసిని మెట్లే.

నేను చాప మీద కూలబడ్డాను. ఆమె పొయ్యి మళ్లీ వెలిగించి, ఆ టీనే వేడిచేసి గ్లాసులో పోసి నా ముందు పెట్టింది. చేతికి ఇవ్వలేదు, నేల మీద పెట్టింది. కోపం ఇంకా పోలేదన్నమాట. నాకది నచ్చింది.

టీ తాగాను. సంచి మేడమ్ రెండో గ్లాసు ఎందుకడిగిందో తెలిసింది. నా టీ ఇంత బాగా ఎన్నడూ కుదరలేదు, ముందు ముందు కుదరదు కూడా. ఇదొకటి దొరికింది మళ్లీ నాకు ఏడవడానికి.

"మా షాపుకి చిరుగుల బట్టలు చాలా వస్తాయి," అన్నాను గ్లాసు కింద పెట్టి. "కుట్టేవాళ్లు లేరని యజమాని వెనక్కి పంపేస్తుంటాడు. రేపు నేను గట్టిగా అడుగుతాను. నేను అడిగితే కాదనడు, నా నోటికి భయం అతనికి."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, మేకున ఉన్న సంచి వైపు చూసింది. సంచి మేడమ్ బట్టలు, కుట్టి, మడతపెట్టి, సిద్ధంగా ఉన్నవి. ఇప్పుడు ఆవిడ రాకూడదు, ఈమె వెళ్లకూడదు.

"ఇస్త్రీ చేయలేదుగా వీటికి?" అన్నాను.

"లేదు."

"ఇటివ్వు. చేసి, ఆఫీసు వాకిట్లో ఇచ్చేసి వస్తాను. ఆవిడ బట్టలు ఆవిడకి ఇవ్వడం కూడా తప్పేనని ఏ గోడ మీద రాసుకున్నారో చూస్తాను."

అప్పుడు నవ్వింది. ఎప్పటి నవ్వు కాదు, కాస్త పళ్లు కనిపించాయి.

సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాను. బరువుగానే ఉంది. కింద గుమ్మంలో మా ఆయన కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు. పెరటి తలుపుదాకా వెళ్లే మనిషి వీధి గుమ్మందాకా వచ్చేశాడు, నన్ను వెతుక్కుంటూ. ఆ కాళ్లవైపు చూశాను గానీ ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

ఎదురింటావిడ అప్పటికే తన కిటికీలోంచి సగం బయటికి వచ్చేసింది. ఆ కళ్లు నా భుజం మీది సంచి మీదే ఉన్నాయి. ఆ చూపు నాకు కొత్త కాదు, ఇన్నాళ్లూ నా ముఖం మీద ఉన్నదే.

"పైనించి సంచి నిండా మోసుకొస్తున్నావే. ఏమిచ్చిందేమిటి మీ తోడికోడలు?"

చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే వీధంతా పాకుతుంది, సాయంత్రానికి వెన్నపూస బంగారం అయిపోతుంది. నా నోటి గొప్పతోనే.

"అది నేను చెప్పకూడదండీ," అన్నాను.

ఆవిడ ముఖం మాడిపోయింది. నేను లోపలికి వెళ్లి ఇస్త్రీపెట్టె వేడికి పెట్టాను.